ఖాళీ మకాంలో మా లైన్‌మేన్

రిటైరైన మనిషి నోరు తెరిస్తే ‘మా రోజుల్లో’ అని మొదలుపెడతాడని మీ కుర్రాళ్ళకి భయం. భయపడకండి, ఇది అంత వెనకటి సంగతి కాదు. చెరువు గట్ల మీద జనరేటర్లు, అందరి చేతుల్లో స్మార్ట్‌ఫోన్లు వచ్చేశాక, నేను లైన్ ఇన్‌స్పెక్టరుగా దిగిపోవడానికి కాస్త ముందు జరిగింది. కొత్తగా స్తంభం ఎక్కుతున్న తమ్ముళ్ళు, సబ్‌స్టేషన్‌లో డ్యూటీ చేస్తున్న అమ్మాయిలు చదివితే నాకు చాలు. మిగతావాళ్ళు కరెంటు పోయినప్పుడు చదువుకోవచ్చు. అప్పుడెలాగూ మమ్మల్ని తిట్టుకోవడం తప్ప వేరే పనుండదు.

మా పనిలో ఎల్.సి. అని ఒకటుంది. లైన్ క్లియర్ అన్నమాట. స్తంభం ఎక్కబోయే మనిషి సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి ఫలానా లైను ఆపమంటాడు. అక్కడి ఆపరేటరు లైను ఆపి, ‘మనుషులు పనిచేస్తున్నారు’ అన్న బోర్డు తగిలించి, సరే ఎక్కమని చెబుతుంది. ఆ లైనులోకి మళ్ళీ కరెంటు రావాలంటే, ఎల్.సి. తీసుకున్నవాడే దాన్ని తిరిగివ్వాలి. వాడి తరఫున పై అధికారి ఇవ్వకూడదు, తోడల్లుడు ఇవ్వకూడదు, ఊరి సర్పంచి ఇవ్వకూడదు. తాళి పెళ్ళికొడుకే కట్టాలి గానీ, పక్కన బాబాయి ఖాళీగా ఉన్నాడు కదా అంటే కుదరదు. ఇదీ అంతే.

ఆ ఏడు వాయుగుండం పట్టి రాత్రంతా ఈదురుగాలి కొట్టింది. తెల్లారేసరికి మా సెక్షన్‌లో తీగల మీద పడని కొబ్బరి మట్ట లేదు. గాలి తగ్గింది గానీ మబ్బు విడవలేదు. రొయ్యల చెరువుల వాళ్ళకి మబ్బు పట్టిన రోజంటే గుండెల్లో రాయి పడుతుంది. ఎండ లేకపోతే నీళ్ళలో ఆక్సిజన్ తగ్గిపోతుంది. ఏరేటర్లు తిరిగి నీటిని చిలక్కపోతే రొయ్య పైకి తేలిపోతుంది. పెద్ద రైతులకి జనరేటర్లున్నాయి. చిన్నవాళ్ళకి మేమే దిక్కు.

ఆ పొద్దున్న కాలవ గట్టు మీద నిద్రగన్నేరు చెట్టొకటి తీగల మీద ఒరిగింది. దాన్ని తీయడానికి మా లైన్‌మేన్ వెళ్ళాడు, హెల్పరుని వెంటబెట్టుకుని. ఈ లైన్‌మేన్ గురించి చెప్పాలి. బక్కపలచని మనిషి, గొంతు మాత్రం మైకు అక్కర్లేని గొంతు. ఎక్కే ముందు స్తంభానికి దండం పెట్టి, “ఈ పూటకి మొయ్యి తల్లీ” అనేవాడు. నన్ను గురువుగారూ అనేవాడు గానీ గురువు మాట విన్న పాపాన ఎప్పుడూ పోలేదు. అతను గట్టు దగ్గర్నించి సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి ఎల్.సి. తీసుకున్నాడు. చెట్టు నరికారు, తీగలు సర్దారు. అంతా బాగానే ఉంది. అప్పుడిక కిందకి దిగి, ఎల్.సి. తిరిగిచ్చి, టీ తాగాలి.

ఇవ్వలేదు. భోజనాల వేళ అయినా ఇవ్వలేదు. ఫోను స్విచాఫ్.

నేను సబ్‌స్టేషన్‌కి వెళ్ళేసరికి గేటు ముందు జాతరలా ఉంది. మోటారు సైకిళ్ళు, కార్లు, అరుపులు. లోపల ఆపరేటరు, చేరి ఆర్నెల్లయినా కాని అమ్మాయి, ఒక్కతే ఉంది. గేటుకి తాళం వేసుకుని కిటికీ దగ్గర నిలబడింది. జనరేటరున్న ఒక పెద్దాయన, డీజిలు ఖర్చవుతోందని ఆయన బాధ, “మీ లైన్‌మేన్ ఎక్కడో మందు కొట్టి పడుంటాడు, నువ్వు స్విచ్చి వెయ్యమ్మా, ఏమన్నా అయితే నేను చూసుకుంటాను” అంటున్నాడు. 

“ఎల్.సి. తీసుకున్నాయన చెప్పాలండి” అందా అమ్మాయి. 

బెదిరించినా అదే మాట, బతిమాలినా అదే మాట. గొంతు వణుకుతోంది, మాట మాత్రం మారడం లేదు. నన్ను చూసి తాళం తీయబోయింది గానీ, నేనే వద్దన్నాను. తీస్తే ఆ జనమంతా లోపలికొచ్చేస్తారు.

ఆ గుంపులో ఒకాయన అరవడం లేదు. గేటు చువ్వ పట్టుకుని నిలబడ్డాడు. మూడెకరాలు కౌలుకి తీసుకుని రెండు చెరువులు వేసిన రైతు, నాకు ముఖ పరిచయమే. ఆయన ఆయిలింజను రాత్రి గాలివానలోనే మొరాయించింది. నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు.

“ఏమండీ, రొయ్యలన్నీ గట్టు పక్కకి చేరిపోయాయండి. చేత్తో తీసుకోవచ్చు, అలా ఉన్నాయండి. ఇంకో గంట ఆగితే ఏరేటర్లు తిరిగినా ఒకటే, తిరక్కపోయినా ఒకటే. ఏదో దారి చూడండి బాబూ.”

“దారి ఒకటే. లైన్‌మేన్ దొరకాలి. ఇక్కడ తిట్టేవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు గానీ వెతికేవాళ్ళు లేరు. బండెక్కు.”

ఎక్కాడు. దారిలో హెల్పరుకి ఫోన్ చేశాను. అతను ఇంకో గ్యాంగుతో వేరే ఊళ్ళో ఉన్నాడు. “చెట్టు పనైపోయిందండి. ఇక్కడ మనుషులు సరిపోవట్లేదని ఫోనొస్తే, నువ్వెళ్ళిపో, నేను మకాం వైపు తీగ ఓ చూపు చూసి ఎల్.సి. ఇచ్చేస్తానన్నారండి ఆయన” అన్నాడు. వెంటనే బయల్దేరి రమ్మన్నాను. తమ్ముళ్ళూ, ఈ ‘ఓ చూపు చూసి వస్తా’ అనేది మన డిపార్ట్‌మెంటులో పాముకంటే ప్రమాదం. పాము కనీసం బుస కొడుతుంది.

మకాం అంటే తెలియనివాళ్ళకి చెబుతాను. మా వైపు ఊరికి దూరంగా చేలో పశువుల్ని కట్టుకునే చోటు. పాలేరు కుటుంబం ఉండడానికి చిన్న పెంకుటిల్లు, ఎదురుగా పొడుగాటి పశువుల సావిడి, సావిడి లోపల పైన గడ్డీ ఊకా వేసుకోవడానికి అటక. చుట్టూ చేలున్నంత కాలం ఆ మకాం కళకళలాడింది. తరవాత చేలు చెరువులయ్యాయి. గడ్డి లేని చోట గేదె ఉండదు, గేదె లేని చోట పాలేరు ఉండడు. ఆసామి తాళం వేసుకుని వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకి తాళం కూడా తుప్పుపట్టి రాలిపోయింది. మిగిలింది మేము లాగిన తీగలే. అక్కడి బోరు కోసం ఎప్పుడో పెట్టిన ట్రాన్స్‌ఫార్మరుని తీసుకుపోయాం గానీ, దానికెళ్ళే తీగలు మెయిన్ లైనుకి అతుక్కునే ఉన్నాయి. వాటిలో కరెంటు పారుతూనే ఉంది. తీసేయాలి తీసేయాలి అని ఏటా అనుకునేవాళ్ళం. రేపు అనే రోజు మా డిపార్ట్‌మెంటులో చాలా పెద్దది.

మకాంకి వెళ్ళే మట్టిబాట, పుంత రోడ్డు మొదట్లోనే లైన్‌మేన్ బండి కనిపించింది. స్టాండు వేసి, తాళం చెవి తీసుకుని, పద్ధతిగా పెట్టి వెళ్ళాడు. అక్కణ్ణించి మకాం దాకా మోకాలి లోతు బురద. దక్షిణం వైపు పెద్ద చెరువుల మీద జనరేటర్ల హోరు. పక్కన నడుస్తున్న మనిషితో మాట్లాడాలన్నా అరవాల్సి వచ్చింది. నేను లైన్‌మేన్‌ని పేరు పెట్టి పిలిచాను, తిట్టు పెట్టి కూడా పిలిచాను. జవాబు లేదు.

ముందు ఇంట్లోకి వెళ్ళాం. తలుపు తేమకి ఉబ్బిపోయి సగమే తెరుచుకుంది. రైతు దూరాడు. నాకు పొట్ట అడ్డం పడితే చెయ్యి పట్టుకుని లాగాడు. లోపల గబ్బిలాల కంపు. దూలానికి ఉట్టి వేలాడుతోంది, అందులో మూతి విరిగిన కుండ. గోడకి చిన్న అద్దం, దాని చుట్టూ పాలేరు భార్య అతికించి వదిలేసిన బొట్టుబిళ్ళలు. ఇంటి పైకప్పు సగం కారుతోంది గానీ ఆ బిళ్ళలు మాత్రం ఎర్రగానే ఉన్నాయి. వాసాల మధ్య పాము కుబుసం చూసి ఇద్దరం ఒకేసారి ఆగాం. పాము లేదు, చొక్కా విప్పి వెళ్ళిపోయింది. 

రెండో గది నిండా రొయ్యల మేత ఖాళీ సంచులు, మందు డబ్బాలు. “ఇయ్యి మా చెరువుల వాళ్ళు పడేసినవేనండి” అన్నాడు రైతు, తన తప్పేదో దొరికినట్టు. సంచులన్నీ కాళ్ళతో తోసి చూశాం. మూలల్లో వంగి చూశాం. వంటింటి వైపు గోడ పడిపోయి ఉంది, దాని వెనక కూడా చూశాం. మనిషి లేడు.

అప్పుడు ఫోన్ మోగింది. మా సెక్షన్ ఇంజనీరు, ఏఈ గారు. మంచి మనిషే, కానీ పొద్దుటి నుంచి పెద్దవాళ్ళ ఫోన్లు ఆయన చెవులు కొరికేస్తున్నాయి.

“ఏమండీ, మీ లైన్‌మేన్‌ని సెంటర్లో టీ కొట్టు దగ్గర చూశామని ఇద్దరు చెబుతున్నారు. ఫోన్ చార్జింగ్ అయిపోయి ఉంటుంది. మీరు మకాంకి వెళ్ళారని హెల్పరు చెప్పాడు, అక్కడ లేడు కదా? మీరు సరేనంటే ఆ అమ్మాయితో నేను మాట్లాడి లైను ఇప్పిస్తాను.”

నేను స్పీకరులో పెట్టిన ఫోనుకేసి చూశాను. ఇల్లంతా చూశాం, లేడు. అతని సంగతి తెలిసినవాణ్ణి, టీ కొట్టు దగ్గర ఉన్నాడంటే నమ్మబుద్ధేస్తుంది. పక్కన నిలబడ్డ మనిషి ఏడాది కష్టం అక్కడ గట్టు పక్కన తేలుతోంది. రైతు వైపు చూశాను. నిజం చెప్పాలంటే, ఆయన నన్ను కాళ్ళావేళ్ళా పడతాడని ఎదురుచూశాను.

ఆయన ఫోను దగ్గరికి వంగి అన్నాడు. “వద్దండి. ఆయన బండి పుంతలోనే ఉందండి. సెంటరు ఇక్కడికి ఎంత దూరం? ఈ బురదలో బండొదిలేసి టీకి నడిచెళ్తాడా ఎవడన్నా? మేమింకా సావిడి చూళ్ళేదండి. ఇవ్వొద్దండి.”

“ఎవరండీ మాట్లాడేది?” అన్నారు ఏఈ గారు.

“చెరువులు పోతున్నోణ్ణండి.”

“సరే, చూడండి” అని ఏఈ గారు ఫోను పెట్టేశారు.

నాకు రైతు చెయ్యి పట్టుకోవాలనిపించింది. పట్టుకున్నాను కూడా. ఆయన విడిపించుకుని, “పదండి బాబూ, రొయ్య ఈ పంట పోతే ఇంకో పంట. మనిషికి రెండో పంట లేదు కదండీ” అని బయటికి నడిచాడు. నడుస్తూ భుజం మీద తువ్వాలుతో ముక్కు తుడుచుకున్నాడు.

సావిడి ముఖద్వారం మూసుకుపోయి ఉంది. లోపల నుంచి దూలం పడి తలుపుల్ని ఒత్తేసింది. ఎప్పుడో కూలిపోయిన సావిడిలే అని వెనక్కి తిరగబోయాను. అప్పుడు కింద పడ్డ పెంకు ముక్కలు కంటబడ్డాయి. పాతగా విరిగిన పెంకు అంచు నల్లబడి పాచి పట్టి ఉంటుంది. వీటి అంచులు ఎర్రగా, అప్పుడే పగలగొట్టిన ఇటికలా ఉన్నాయి. తలెత్తి చూస్తే కప్పులో మనిషి పట్టేంత కంత. దాని పక్కనుంచి మా తీగ లోపలికి దిగి ఉంది.

సంగతి అర్థమైంది. గాలికి తీగ తెగి సావిడి మీద పడింది. దాన్ని తప్పిద్దామని మనవాడు కప్పెక్కాడు. ఎల్.సి. ఉంది కాబట్టి కరెంటు భయం లేదు. కరెంటు ఊరుకుంది గానీ చెద పట్టిన వాసాలు ఊరుకోలేదు. తీగతో సహా లోపలికి దిగబడ్డాడు.

వెనక వైపు, గేదెల్ని తోలుకొచ్చే చిన్న ద్వారం దగ్గర దడి కుళ్ళిపోయి ఉంది. రైతు రెండు తన్నులు తన్నాడు. లోపల చీకటి, ఊక వాసన. కుడితి తొట్టెలు వరసగా, గుంజలకి పలుపుతాళ్ళు ఇంకా కట్టే ఉన్నాయి. ఎద్దులబండి చక్రమొకటి గోడకి జారగిలబడి ఉంది. దాని అవతల, ఏనాటిదో ఎండిపోయిన గడ్డి గుట్ట మీద, మా లైన్‌మేన్ వెల్లకిలా పడి ఉన్నాడు. కాలి మీద దూలం, పక్కన పగిలిపోయిన ఫోను. కళ్ళు తెరిచే ఉన్నాయి. మమ్మల్ని చూసి నోరు కదిపాడు, మాట రాలేదు. ఆ జనరేటర్ల హోరులో పొద్దుటి నుంచి అరిచి అరిచి అంతటి గొంతూ పోయింది.

బతికే ఉన్నాడు. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం నా పెళ్ళిలో కూడా కలగలేదు, మా ఆవిడ ఇది చదవదు కాబట్టి రాస్తున్నాను. పరుగెత్తుకెళ్ళి దూలం కింద భుజం పెట్టాను. రైతు అడ్డొచ్చిన గడ్డీ, తాళ్ళూ, తీగా చేత్తో పక్కకి లాగుతూ, రెండో చేత్తో ఫోన్ తీశాడు. సబ్‌స్టేషన్ నంబరు ఆయనకి కంఠతా. చిన్న రైతులందరికీ కంఠతానే.

“దొరికాడమ్మా! మనిషి దొరికాడు, బానే ఉన్నాడు! మా కళ్ళ ముందరే ఉన్నాడు! ఇచ్చెయ్యమ్మా కరెంటు, నీకు దండం పెడతాను!”

పక్కనే నేనున్నాను, ఇన్‌స్పెక్టర్ని. ఆ సంతోషంలో వద్దనాలని నాకే తట్టలేదు.

ఫోనులోంచి ఆ అమ్మాయి గొంతు వినబడింది. “సంతోషమండి. ఆయనకి ఫోనివ్వండి.”

“మాట రావట్లేదమ్మా ఆయనకి, నేను చెప్తన్నాను కదా!”

“ఆయనకే ఇవ్వండి.”

రైతు ఫోను తీసుకెళ్ళి లైన్‌మేన్ నోటి దగ్గర పెట్టాడు. లైన్‌మేన్ ఊపిరి కూడదీసుకున్నాడు. గుసగుసలా వచ్చింది మాట.

“ఇవ్వకమ్మా. తీగ నా నడుం కింద ఉంది. రెండో కొస ఈయన చేతిలో ఉంది.”

రైతు తన చేతికేసి చూసుకున్నాడు. పాత కంచె తీగనుకుని అందాకా లాగుతున్నది మా తీగే. దాన్ని వదిలిపెట్టడానికి కూడా ఆయనకి భయమేసింది. మెల్లగా, పసిపిల్లని పడుకోబెట్టినట్టు గడ్డి మీద పెట్టాడు. తరవాత కూలబడ్డాడు. అటువైపు ఆ అమ్మాయి, “ఇవ్వనండి, మీరు కంగారు పడకండి” అంటూనే ఉంది.

తరవాతిదంతా మామూలు పని. హెల్పరు వచ్చి, మెయిన్ లైను దగ్గర స్తంభమెక్కి, మకాం తీగల్ని ఆ చివర తెగ్గొట్టేశాడు. ఏటా అనుకున్న పని అరనిమిషంలో అయిపోయింది. చుట్టుపక్కల చెరువుల మీంచి పనివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. అందరం కలిసి దూలం లేపాం. ఇంటి తలుపు ఊడదీసి దాని మీద పడుకోబెట్టి మోసుకొచ్చాం. బయటికొచ్చాక, పిల్లర్లా ఉబ్బిన కాలితో, లైన్‌మేన్ మళ్ళీ ఫోనడిగాడు. ఎల్.సి. తిరిగివ్వాలి కదా.

“అమ్మాయ్, లైను మీద నా మనుషులెవరూ లేరు. నేనూ లేను. మకాం తీగ విడదీశాం. ఎల్.సి. తిరిగిస్తున్నాను.”

“గొంతు గుర్తుపట్టలేకపోతున్నానండి. పొద్దున్న ఎక్కడి నుంచి తీసుకున్నారు?”

“కాలవ గట్టు, నిద్రగన్నేరు దగ్గర. ఓ తల్లీ, ఇంత అనుమానమైతే నీ మొగుడెలా బతుకుతాడే!”

“ఇప్పుడు గుర్తుపట్టాను” అంది. 

కాస్సేపటికి ఒక్కొక్క చెరువులో ఏరేటర్లు కదిలాయి. తెల్లటి నురగ లేచింది, ఆ మూల నుంచి ఈ మూలకి. రైతు తన మేత ఆటోలో లైన్‌మేన్‌ని ఎక్కించుకుని భీమవరం ఆస్పత్రికి బయల్దేరాడు. నేను వెనక కూర్చున్నాను. ఆయన చెరువుల దగ్గరికొచ్చేసరికి లైన్‌మేనే ఆటో ఆపమని సైగ చేశాడు. రైతు దిగి గట్టెక్కి చూసొచ్చాడు. ఒక చెరువులో సగం పోయింది. రెండోది నిలబడింది. “చాలండి, చాలు” అంటూ ఆటో హేండిలు పట్టుకుని ఏడ్చాడు, తరవాత నవ్వాడు. ఆస్పత్రిలో కాలికి రెండు చోట్ల విరిగిందన్నారు, అతుక్కుంటుందన్నారు. ఆ మాట విని బయటికొచ్చి బల్ల మీద కూర్చుంటే, పొద్దుటి నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆస్పత్రి ముందు బండి మీద తిన్న ఆ ఇడ్లీల రుచి నాకు ఇప్పటికీ నాలుక మీద ఉంది.

సాయంత్రం సబ్‌స్టేషన్‌కి వెళ్ళాను. గేటు ముందు జనం లేరు. తిట్టినవాళ్ళెవరూ క్షమించమనడానికి రాలేదు, రారు కూడా, అది మీరు ఇప్పుడే అలవాటు చేసుకోండి. ఆ అమ్మాయి డ్యూటీ దిగి చున్నీ సర్దుకుంటోంది. లైన్‌మేన్ బాగున్నాడని చెప్పాను. హమ్మయ్య అని కుర్చీలో మళ్ళీ కూర్చుండిపోయింది.

“ఒకటి అడుగుతానమ్మా” అన్నాను. “ఊళ్ళో అంతమంది ఇవ్వమన్నారు. టీ కొట్టు దగ్గర చూశామన్నారు. చివరికి దొరికాడని కూడా చెప్పారు. అన్నిసార్లు ఎలా ఆగావు?”

ఇందులో అడగడానికేముంది అన్నట్టు చూసింది నన్ను.

“ఎక్కుతున్నానమ్మా అని నాకు చెప్పి ఎక్కారు సార్. దిగానని ఇంకా చెప్పలేదు కదా.”